స్కేల్ మోడల్ కార్లు: కూర్పు, రంగుల పని

నిజమైన కారును అన్ని వైపులా ఒకే నిష్పత్తిలో కుదించి, దాని ఆకారాన్నీ భాగాలనూ రంగునూ వీలైనంత యథాతథంగా చిన్న పరిమాణంలో తయారుచేయడం ఒక అభిరుచి. దీన్నే స్కేల్ మోడల్ కార్ల తయారీ అంటారు. చాలామందికి ఇది పెట్టెలో విడిభాగాలుగా వచ్చే ప్లాస్టిక్ కిట్‌తో మొదలవుతుంది. కొందరు కిట్‌తో పని లేకుండా ఇత్తడి రేకు, ప్లాస్టిక్ పలక, రెసిన్ తీసుకుని మొత్తం సొంతంగా చేస్తారు. బొమ్మకూ మోడల్‌కూ తేడా కొలత దగ్గర వస్తుంది. కొండపల్లి ఎడ్లబండిలో ఎద్దు ఎంత ఉండాలో, చక్రం ఎంత ఉండాలో చేసేవాడి కన్ను నిర్ణయిస్తుంది. స్కేల్ మోడల్‌లో ఆ మాట టేపుది.

విమానాలు, ఓడలు, యుద్ధ ట్యాంకుల మోడళ్లు చేసేవాళ్లూ ఇవే పనిముట్లు వాడతారు, ఇవే జిగుర్లు వాడతారు. అయినా కార్లది వేరే దారి. ట్యాంకు మీద బురద, తుప్పు, మసి పూయడం పనిలో భాగం; చిన్న చిన్న తప్పులు వాటి కింద కలిసిపోతాయి. షోరూము లోంచి అప్పుడే బయటికొచ్చిన కారును చూపించాలంటే ఆ వెసులుబాటు లేదు. మెరుపు కింద ఏ గీతా దాగదు, ధూళి కణం కూడా దాగదు. అందుకే ఇక్కడ శ్రమలో పెద్ద వాటా రంగుకే పోతుంది.

కొలతలు

కిట్లలో ఎక్కువగా కనిపించేవి 1:24, 1:25. మొదటిది అడుగు-అంగుళాల లెక్కలోంచి వచ్చింది: అడుగుకు అర అంగుళం. రెండోది డెట్రాయిట్ సొత్తు. అమెరికన్ కార్ల కంపెనీలు డీలర్లకు పంచిన ప్రచార నమూనాలు ఆ కొలతలో ఉండేవి, తర్వాత వచ్చిన కిట్లు దాన్నే పట్టుకున్నాయి. దాదాపు 4.3 మీటర్ల పొడవున్న అంబాసిడర్‌ను 1:24లో చేస్తే 18 సెంటీమీటర్లు వస్తుంది, 1:25లో చేస్తే 17.3. అలమరలో పక్కపక్కన పెట్టినా చాలామంది పట్టించుకోని తేడా ఇది. ఒక కిట్‌లోని ఇంజిన్‌ను ఇంకో కిట్ బానెట్ కింద ఇరికించబోయినప్పుడు మాత్రం బాగానే తెలిసొస్తుంది.

1:43 పుట్టింది బొమ్మ రైళ్ల పక్కన. బ్రిటన్‌లో ‘ఓ’ గేజ్ అనే రకం బొమ్మ రైళ్లను అడుగుకు 7 మిల్లీమీటర్ల లెక్కన చేసేవారు. ఆ స్టేషన్ల ముందు నిలబెట్టడానికి అదే కొలతలో కార్లు కావలసి వచ్చాయి. లివర్‌పూల్‌లో ఫ్రాంక్ హార్న్‌బీ కంపెనీ 1930లలో తెచ్చిన డింకీ టాయ్స్ మూలం కూడా అదే. ఫార్ములా వన్ కార్లకు 1:20, విలాసంగా చేయాలనుకునేవారికి 1:12 ఉన్నాయి. ఇటలీలోని ట్యూరిన్‌లో మొదలైన పోకర్ కంపెనీ 1:8లో ఇచ్చిన ఆల్ఫా రోమియో 8సి కిట్‌లో వెయ్యికి పైగా భాగాలుంటాయి. చక్రాల చువ్వల్ని కూడా ఒక్కొక్కటిగా అల్లుకోవాలి. అది సెలవు రోజుల్లో కూర్చుని పూర్తిచేసే పని కాదు. అరచేతిలో ఇమిడే హాట్ వీల్స్ కార్లు సుమారుగా 1:64. సుమారుగా అనే అనాలి, ఎందుకంటే లారీ అయినా చిన్న కారు అయినా ఒకే సైజు ప్యాకెట్లో పట్టాలి కనుక వాటి నిష్పత్తి బండి బండికీ మారుతుంది.

డెట్రాయిట్ నుంచి షిజువోకా దాకా

కార్ల మోడళ్లను పిల్లల ఆట స్థాయి నుంచి పైకి లేపిన వాటిలో ఒక పోటీని ముందుగా చెప్పుకోవాలి. జనరల్ మోటార్స్‌కు చెందిన ఫిషర్ బాడీ విభాగం 1930లో క్రాఫ్ట్స్‌మెన్స్ గిల్డ్ పేరుతో అమెరికా కుర్రాళ్లకు పోటీ పెట్టింది. మొదట్లో నెపోలియన్ కాలపు గుర్రపు బగ్గీకి నమూనా చేయమన్నారు. 1937 నుంచి కారు నమూనాలనూ తీసుకున్నారు. వాటిని 1:12లో, పోటీదారు సొంత డిజైన్‌తో చెయ్యాలి. బహుమతులుగా కాలేజీ చదువుకు ఉపకార వేతనాలు ఇచ్చేవారు. కంపెనీ లెక్క పైకి కనిపించేదే: చేతిపని తెలిసిన పిల్లలను వెతుక్కోవడం. ఆ లెక్క తప్పలేదు కూడా. 1947 విజేత చక్ జోర్డన్ తర్వాత అదే జనరల్ మోటార్స్‌లో డిజైన్ విభాగానికి ఉపాధ్యక్షుడయ్యాడు. పోటీ 1968తో ఆగిపోయింది. మోడల్ కట్టడం వృథా కాలక్షేపం అనే పెద్దవాళ్లకు చూపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

కిట్ల చరిత్ర ప్రచార నమూనాలతో మొదలవుతుంది. 1948లో డెట్రాయిట్ ప్రాంతంలో పుట్టిన ఏఎంటీ పూర్తి పేరు అల్యూమినమ్ మోడల్ టాయ్స్. తొలి ఫోర్డ్ నమూనాను అల్యూమినియంతో పోత పోసింది. ఆ వెంటనే ప్లాస్టిక్‌కు మారింది. అప్పట్లో వాడిన సెల్యులోజ్ ఎసిటేట్ ఏళ్లు గడిచేకొద్దీ వంకర్లు తిరుగుతుంది. ఆ కాలపు ప్రచార నమూనాల్లో పైకప్పు కుంగినవీ, అడుగు భాగం విల్లులా వంగినవీ అందుకే అంత ఎక్కువ. తర్వాత వచ్చిన పాలిస్టైరీన్‌కు ఆ జబ్బు లేదు. అచ్చులో సన్న గీతలు కూడా బాగా దిగుతాయి, జిగురూ బాగా పట్టుకుంటుంది. నేటికీ కిట్ల ప్లాస్టిక్ అదే.

1958లో ఏఎంటీ ఒకే పెట్టెలో మూడు కార్ల ఆశ చూపించింది. అదే కారును కంపెనీ ఇచ్చినట్టుగా కట్టుకోవచ్చు, సొంతంగా అలంకరించుకోవచ్చు, పందెం బండిగా మార్చుకోవచ్చు. అసలు కారు కొనే వయసూ స్తోమతా లేని కుర్రాడికి ఇది పెద్ద స్వేచ్ఛ. మిగిలిన విడిభాగాలు ఇంకో కారుకు పనికొచ్చేవి. వాటిని దాచుకునే డబ్బా ఈ అభిరుచిలో ఇప్పటికీ ప్రతి ఒక్కరి దగ్గరా ఉంటుంది. కాలిఫోర్నియాలో రెవెల్, షికాగోలో మోనోగ్రామ్, డెట్రాయిట్‌లో జోహాన్ ఇదే బాట పట్టాయి. అసలు కార్లనే చిత్రవిచిత్రంగా మార్చే ఎడ్ రాత్, జార్జ్ బారిస్ వంటివారి బళ్లు కిట్లుగా వచ్చాయి. 1960ల నడుమ విద్యుత్తుతో ట్రాక్‌లోని గాడి వెంట పరిగెత్తే స్లాట్ కార్ల మోజు ఈ మార్కెట్‌ను కొంత లాక్కుంది. 1986లో రెవెల్, మోనోగ్రామ్ ఒక్కటయ్యాయి. ఏఎంటీ చాలా చేతులు మారింది. పాత అచ్చులు మాత్రం చావలేదు. వాటిలోంచి ఇప్పటికీ కిట్లు వస్తూనే ఉన్నాయి.

ఈలోగా మోడల్ కిట్లకు కేంద్రం జపాన్‌లోని షిజువోకాకు మారింది. 1946లో కలప వ్యాపారంగా మొదలైన టామియా చెక్క నమూనాలు చేసి, 1960లో ప్లాస్టిక్‌లోకి దిగింది. 1967లో 1:12 కొలతలో హోండా ఆర్‌ఏ273 ఫార్ములా వన్ కారును తెచ్చాక దాని పేరు ప్రపంచమంతా తెలిసింది. 1976 నాటి పోర్షే 934 కిట్ కోసం సంస్థ నిజమైన పోర్షే 911ను కొని, విప్పి, కొలతలు తీసుకుంది. అంత ఖర్చు ఒక్క కిట్ మీద రాదని అదే బాడీని రేడియో కంట్రోల్ కారుకు తొడిగింది. టామియా రేడియో కంట్రోల్ కార్ల వ్యాపారం అలా మొదలైంది. ఫుజిమి, ఆవోషిమా, హసెగావా కూడా షిజువోకా ప్రాంతానివే. అక్కడ ఏటా మే నెలలో జరిగే హాబీ షోకు కొత్త కిట్ల కోసం ఎదురుచూసేవారు అన్ని దేశాల నుంచీ వస్తారు.

అమెరికన్ కిట్లకూ జపాన్ కిట్లకూ స్వభావంలో తేడా ఉంది. అమెరికన్ కిట్‌లో ఇంజిన్ ఉంటుంది, ఎంపికలు ఉంటాయి, భాగాలు సరిగ్గా కూర్చోవడానికి కొంత కుస్తీ కూడా ఉంటుంది. జపాన్ కిట్‌లో చాలాసార్లు బానెట్ తెరుచుకోదు. కానీ భాగాలు ఒకదానిలో ఒకటి చప్పుడు లేకుండా దిగిపోతాయి. కొత్తగా మొదలుపెట్టేవారికి జపాన్ కిట్టే మంచిది. మొదటి కిట్‌తోనే విసుగు పుడితే రెండోది కొనరు.

భాగాల కూర్పు

కిట్ భాగాలు స్ప్రూ అనే ప్లాస్టిక్ చట్రానికి అతుక్కుని వస్తాయి. వాటిని సన్నని కటింగ్ ప్లేయర్‌తో కొంచెం దూరంగా కత్తిరించి, మిగిలిన మొటిమను బ్లేడుతో చెక్కి, వాటర్ పేపర్‌తో నున్నగా చేస్తారు. చేత్తో విరిస్తే భాగం మీద గుంట పడుతుంది. కత్తిరించడానికి ముందే భాగాలను సబ్బునీళ్లలో కడగాలి. అచ్చు నుంచి తేలిగ్గా ఊడిరావడానికి వాడే నూనె పదార్థం ఉపరితలం మీద మిగిలి ఉంటే రంగు పట్టదు.

బాడీ మీద ముందు వెతకాల్సింది అచ్చు అతుకు గీతను. అచ్చులోని రెండు ముక్కలు కలిసే చోట ఫెండర్ల మీదుగా, పైకప్పు అంచు వెంట సన్నని కట్ట ఒకటి ఉంటుంది. ప్లాస్టిక్ రంగులో ఇది కనిపించదు. మెరిసే రంగు పడ్డాక మాత్రం దూరం నుంచే కనిపిస్తుంది. బ్లేడు వీపుతో గీకి, పేపర్ కొట్టి పోగొట్టాలి. దళసరి భాగాలు చల్లారేటప్పుడు పడే గుంటలకు పుట్టీ పెట్టాలి.

పాలిస్టైరీన్ జిగురు నిజానికి ద్రావకం. రెండు అంచులనూ కొద్దిగా కరిగించి, ఆవిరైపోతూ వాటిని ఒకే ముక్కగా చేస్తుంది. పలచని రకాన్ని అతుకు మీద కుంచెతో తాకిస్తే సందులోకి దానంతట అదే పాకుతుంది. అద్దాల దగ్గర ఈ జిగురూ పనికిరాదు, సూపర్ గ్లూ కూడా పనికిరాదు. రెండోదాని ఆవిరి పారదర్శక ప్లాస్టిక్‌ను తెల్లగా మబ్బు పట్టిస్తుంది. అక్కడ ఫెవికాల్ లాంటి తెల్ల జిగురే సరి. ఆరితే కనిపించదు, పొరపాటున అంటితే నీళ్లతో తుడిచేయవచ్చు.

కొత్తవాళ్లకు తెలియని ప్రమాదం టైర్లలో ఉంది. పాత కిట్లలోని వినైల్ టైర్లలో మెత్తదనం కోసం కలిపిన పదార్థం ఏళ్ల తరబడి మెల్లగా బయటికి ఊరి, తనకు తగిలిన పాలిస్టైరీన్ చక్రాన్ని కరిగిస్తుంది. పెట్టెలోనే అద్దాల భాగానికి ఆనుకుని ఉండి దాన్ని పాడుచేసిన టైర్లూ ఉన్నాయి. పాత కిట్ దొరికితే టైర్లను వేరే సంచిలో పెట్టడం మొదటి పని.

రంగు

కారును ఇరవై నాలుగో వంతుకు కుదించవచ్చు. రంగు పొరను కుదించలేం. ఈ అభిరుచిలోని కష్టం చాలావరకు ఇక్కడే ఉంది.

ఫ్యాక్టరీలో కారుకు పడే రంగు అన్ని పొరలూ కలిపి సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు. దాన్ని 1:24కు కుదిస్తే 4 నుంచి 6 మైక్రాన్లు ఉండాలి. మోడల్ మీద ప్రైమర్, రంగు, పైన పారదర్శకమైన క్లియర్ వేసేసరికి ఎంత జాగ్రత్తగా వేసినా 100 మైక్రాన్ల దరిదాపుకు చేరుతుంది. అసలు కారు లెక్కలో అది దాదాపు రెండున్నర మిల్లీమీటర్ల పూత. తలుపు చుట్టూ ఉండే సందు అసలు కారులో మూడు నాలుగు మిల్లీమీటర్లు. మోడల్‌లో లెక్క ప్రకారం 0.15 మిల్లీమీటర్లు. అంత సన్న సందులోకి అంత మందపు రంగు దిగితే తలుపు మూసుకుపోయినట్టే. అనుభవం ఉన్నవారు రంగుకు ముందే ఆ గీతలను సూదిమొన పనిముట్టుతో ఇంకాస్త లోతు చేసుకునేది ఇందుకే. చిహ్నాలు, అక్షరాలు ఉబ్బెత్తుగా ఉన్నచోట రంగు పేరుకుని పదును పోతుంది.

మెటాలిక్ రంగులదీ ఇదే గొడవ. కారు రంగులో తళుకునిచ్చే అల్యూమినియం రేణువు 20 మైక్రాన్లు ఉందనుకుందాం. మోడల్ మీద అది అర మిల్లీమీటరు రేకు ముక్కలా కనిపిస్తుంది. షెడ్డులో కలిపిన అసలు కారు రంగును మోడల్‌కు కొడితే కోడు సరిపోయినా చూపు సరిపోకపోవడానికి కారణం ఇదే. మోడళ్ల కోసం చేసే రంగుల్లో రేణువులను మరింత సన్నగా నూరుతారు. ముదురు రంగులను కొద్దిగా తేలిక చేసి వేస్తే చిన్న పరిమాణంలో సహజంగా ఉంటుందని కొందరి వాదన. నలుపు విషయంలో ఆ వాదనకు బలముంది. ఎరుపు దగ్గర అంత నమ్మకంగా చెప్పలేం.

పూసే పద్ధతులు మూడు. కుంచె లోపలి భాగాలకు, ఇంజిన్‌కు సరిపోతుంది. స్ప్రే డబ్బా బాడీకి చౌకైన, నమ్మదగిన దారి. ఎయిర్‌బ్రష్ చేతిలో ఉంటే పొర మందం చెప్పినట్టు వింటుంది. చిన్న కంప్రెసర్‌తో 15 నుంచి 20 పీఎస్ఐ గాలి చాలు. రంగును పాలంత పలుచగా కలుపుతారు. ముందు ఒకటి రెండు పొడి పొరలు దూరం నుంచి పట్టించి, అవి పట్టు ఇచ్చాక తడి పొర వేస్తే రంగు తనంతట తాను పరుచుకుంటుంది. మొదటి పొరకే మెరుపు కావాలనుకుంటే కారిపోతుంది. మరీ దూరం నుంచి కొడితే ఉపరితలం గరుకై ‘నారింజ తొక్క’ వస్తుంది. ఆ మాట మన పెయింటర్లకూ తెలిసిందే.

అడుగున వేసే రంగు పైరంగును శాసిస్తుంది. పసుపు, ఎరుపు పలచని రంగులు. బూడిద ప్రైమర్ మీద మురికిగా కనిపిస్తాయి. తెలుపు లేదా లేత గులాబీ అడుగు వేస్తే వెలుగుతాయి. ఎర్ర ప్లాస్టిక్‌తో పోసిన కిట్‌ను తెల్లగా చేయాలంటే మధ్యలో వెండి రంగు అడ్డుపొర ఉండాలి, లేకపోతే అడుగు ఎరుపు పైకి ఊరి తెలుపును గులాబీ చేస్తుంది.

స్టిక్కర్ల స్థానంలో ఇక్కడ డెకాళ్లు ఉంటాయి: నీళ్లలో నానబెట్టి కాగితం మీది నుంచి జార్చే సన్న పొరలు. మెత్తబరిచే ద్రావణం పూస్తే వంపుల్లోకి, గీతల్లోకి ఒదిగిపోతాయి. పందెం కార్ల డెకాల్ షీట్లలో పొగాకు కంపెనీల పేర్లు ఇప్పుడు ఉండవు, ప్రకటనల నిబంధనల వల్ల. దాంతో ఎనభైల నాటి ఎరుపు-తెలుపు మెక్‌లారెన్‌ను చరిత్రకు తగ్గట్టు చూపించాలంటే ఆ పేర్లను విడిగా ముద్రించే చిన్న తయారీదారుల దగ్గర కొనుక్కోవాల్సి వస్తుంది.

డెకాళ్ల మీద క్లియర్ పడ్డాక ఆగాలి. ల్యాకర్‌కు రోజులు, ఎనామెల్‌కు వారాలు. ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసన వస్తోందంటే ఇంకా గట్టిపడలేదన్నమాట. ఆ తర్వాత 3000 నుంచి 12000 నంబరు దాకా సన్నని పేపర్లతో నీళ్లు చల్లుతూ తోమి, కాంపౌండ్ పట్టిస్తారు. ఇక్కడ చెడేది అంచుల దగ్గర. ఉబ్బిన గీత మీద రెండుసార్లు ఎక్కువ తోమితే రంగు తినేసి ప్లాస్టిక్ బయటపడుతుంది. అంచులకు ముందే సన్న టేపు వేసుకోవడం తెలివైన పని.

క్రోమ్ విషయానికొస్తే, కిట్‌లోని మెరిసే బంపర్లు శూన్యంలో ఆవిరి చేసిన అల్యూమినియం పూత. బట్టలకు వాడే బ్లీచ్‌లో ముంచితే పోతుంది, అతుకులు సరిచేసి మళ్లీ పూసుకోవచ్చు. నల్లటి మెరుపు రంగు మీద క్రోమ్ ల్యాకర్‌ను పలచగా కొట్టడం ఒక దారి. కిటికీల చుట్టూ ఉండే సన్న పట్టీలకు మాత్రం అంటుకునే అల్యూమినియం రేకును మించింది లేదు. రేకు అతికించి, కొత్త బ్లేడుతో గీత వెంట కోసి, మిగిలింది లాగేస్తారు. అరిగిన బ్లేడైతే రేకు చిరుగుతుంది.

ఆవిరి, ధూళి

అందం వెనక విషం కూడా ఉన్న పని ఇది. 1960ల అమెరికాలో కుర్రాళ్లు మోడల్ జిగురును మత్తు కోసం పీల్చడం పెద్ద సమస్య అయింది. 1969లో టెస్టర్స్ కంపెనీ తన జిగురులో ఆవ ఘాటునిచ్చే నూనె కలిపింది, పీల్చబోతే ముక్కు మండిపోయేలా. ఇప్పటి ప్రమాదాలు అంత సూటిగా కనిపించవు. రెండు భాగాలు కలిపి వాడే టూ-కె క్లియర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. గుడ్డ మాస్కు వాటిని ఆపలేదు, ఆవిరి పీల్చుకునే కార్ట్రిడ్జి ఉన్న మాస్కు కావాలి. రెసిన్ భాగాలను పొడిగా కాకుండా నీళ్లలో తోమాలి. గట్టిపడని త్రీడీ ప్రింటర్ రెసిన్ ఒంటికి తగిలితే దద్దుర్లు వస్తాయి. ఫ్లాట్లలో ఉండేవారు కిటికీలోంచి గాలి బయటికి లాగే చిన్న బూత్ పెట్టుకోవడం విలాసమేమీ కాదు.

తెలుగు ప్రాంతాల్లో

హైదరాబాద్‌కు కార్లతో చేసే వినోదంలో పేరు తెచ్చింది దీనికి తలకిందులైన కళ. బహదూర్‌పురాలోని సుధా కార్స్ మ్యూజియంలో బూటు, క్రికెట్ బ్యాటు వంటి చిన్న వస్తువులు మనిషి ఎక్కి నడిపేంత పెద్ద బండ్లుగా మారాయి. కుదించే పని చేసేవారు ఇళ్లలో, విడివిడిగా ఉన్నారు.

వారికి మొదటి అడ్డంకి ధర. కస్టమ్స్ పట్టికలో స్కేల్ మోడళ్లు బొమ్మలున్న 9503 పద్దు కిందికే వస్తాయి. బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని 2020 బడ్జెట్ 20 నుంచి 60 శాతానికి, 2023 బడ్జెట్ 70 శాతానికి పెంచింది. దేశీ బొమ్మల పరిశ్రమను నిలబెట్టడం దాని ఉద్దేశం. ఆ వల్లో పెద్దవాళ్ల కిట్ కూడా చిక్కుకుంది. విదేశాల నుంచి వచ్చే చుట్టాల సూట్‌కేసుల్లో కిట్లు తెప్పించుకోవచ్చు గానీ రంగులు తెప్పించుకోలేం; మండే ద్రవాలను, రంగు స్ప్రేలను విమానంలో రానివ్వరు.

రంగుకు అందుబాటులో ఉన్న దారి కార్ల పెయింటు దుకాణం. విజయవాడ ఆటోనగర్‌లో గానీ సికింద్రాబాద్ రాణీగంజ్‌లో గానీ ప్రైమర్, ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పుట్టీ, వాటర్ పేపర్, రబ్బింగ్ కాంపౌండ్ అన్నీ దొరుకుతాయి. ఒక్కటే జాగ్రత్త: ఎన్‌సీ థిన్నర్ పాలిస్టైరీన్‌ను తింటుంది. ప్రైమర్ లేకుండా నేరుగా కొడితే ఉపరితలం బీటలు వారుతుంది. పలచని పొరలుగా ప్రైమర్ వేసి, పూర్తిగా ఆరనిచ్చి ఆ పైన పోవాలి.

వాతావరణం రెండో పరీక్ష. వానాకాలంలో కాకినాడలోనో విశాఖలోనో ల్యాకర్ కొడితే మెరుపు మీద తెల్లటి మబ్బు దిగుతుంది. ద్రావకం ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరచగా గాలిలోని తేమ అక్కడ చేరడమే దీనికి కారణం. కార్ల పెయింటర్లు ఇందుకు రంగు నెమ్మదిగా ఆరేలా చేసే రిటార్డర్ కలుపుతారు, మోడళ్లకూ అదే మందు. మే నెలలో రెంటచింతల వైపు పరిస్థితి ఇందుకు పూర్తిగా విరుద్ధం: రంగు గాలిలోనే ఆరిపోయి పొడిలా పడుతుంది. అక్కడ తెల్లవారుజామే పని వేళ.

ఎక్కువమంది తెలుగు కుర్రాళ్లకు ప్రవేశం హాట్ వీల్స్ నుంచే. అడుగున ఉన్న రివెట్లను డ్రిల్లుతో తీసి, పెయింట్ రిమూవర్‌తో ఫ్యాక్టరీ రంగు వదిలించి, కొత్త రంగు, కొత్త చక్రాలు వేస్తారు. లోహం కనుక తప్పు చేసినా మళ్లీ వదిలించి మొదలుపెట్టవచ్చు. ప్లాస్టిక్ కిట్ మీద చేయి వేసే ముందు ఇంతకంటే చౌకైన బడి లేదు.

మన రోడ్ల మీద తిరిగిన కార్లకు ప్లాస్టిక్ కిట్లు అరుదు. కావాలనుకుంటే చుట్టరికం వెతుక్కోవాలి. మారుతి జిప్సీకి మూలం సుజుకి జిమ్నీ. హసెగావా 1:24లో జిమ్నీ జేఏ11 కిట్ అమ్ముతోంది. జిమ్నీ ముందు, వెనక చక్రాల మధ్య దూరం 2,030 మిల్లీమీటర్లు, జిప్సీది 2,375. తేడాను 24తో భాగిస్తే 14.4 మిల్లీమీటర్లు. ఛాసిస్‌నూ బాడీనీ తలుపు వెనక కోసి, అంత మేరకు ప్లాస్టిక్ పలక అతికించి, పుట్టీ పెట్టి కలపాలి. చక్రాల మీది అంచులనూ వెడల్పు చేయాలి. ఆ పొడుగు ముక్కను ఇంట్లో రెసిన్ ప్రింటర్ మీద తీసుకునేవారికి కోత పని తగ్గుతుంది. కానీ ప్రింటర్ 50 మైక్రాన్ల పొరలుగా కడుతుంది, ఆ మెట్లు మెరిసే రంగు కింద తేలతాయి. ప్రైమర్ కొట్టి, పేపర్ కొట్టి, మళ్లీ ప్రైమర్ కొట్టే పని ఎలాగూ ఉంటుంది. జిప్సీని సైన్యం ఆకుపచ్చలో చేస్తే అది మెరుపు లేని రంగు కనుక తోముడు తప్పుతుంది. తెల్ల పోలీసు జిప్సీ అయితే తప్పదు.